మొదటి పేరు ఎవరిది?

నూజెండ్ల మండలంలో మిర్చి వేసే కౌలురైతు అప్పు ఎక్కడ మొదలవుతుందో చిన్ననాటి నుంచీ చూశాను. పెట్టుబడి కమీషన్ వ్యాపారిది; పంట గుంటూరు యార్డుకు చేరేదీ ఆ వ్యాపారి ద్వారానే. మేనేజ్‌మెంట్‌లో పరిశోధనకు చేరినప్పుడు దానినే అంశంగా ఎంచుకున్నాను. నా తొలి వ్యాసానికి ఊరూరా తిరిగి రైతులను కలిసింది నేను. అచ్చులో నా పేరు మూడవది. అడగలేదు. నా సిద్ధాంత గ్రంథంపై సంతకం చేయవలసిన వారి పేరే మొదట ఉంది.

ఇది పేరు కోసం తాపత్రయం కాదు. యూజీసీ 2018 నిబంధనల పరిశోధన స్కోరులో మేనేజ్‌మెంట్ వ్యాసానికి 10 పాయింట్లు. రచయితలు ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, తక్కినవారికి 30 శాతం చొప్పున. అంటే ఒకరికి 7, తిరిగినవాడికి 3. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు వడపోసే 100 మార్కుల్లోనూ ప్రచురణలకు 10 ఉన్నాయి. పేరున్న బిజినెస్ స్కూళ్ళకు ఇదీ చాలదు. ఆస్ట్రేలియా డీన్ల మండలి గ్రేడులు, ఫైనాన్షియల్ టైమ్స్ ఎంచిన 50 పత్రికలు కావాలి.

ఈ కొలతల్లో కులం అనే గడి లేదు. కానీ అగ్రశ్రేణి పత్రికలో ఒక వ్యాసం రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఇంటికి డబ్బు పంపకుండా ఆగగలిగేది ఎవరు? చిత్తుప్రతి దిద్దిపెట్టే బంధుమిత్రులు విశ్వవిద్యాలయాల్లో ఉన్నది ఎవరికి? మొదటి తరం దళిత, బహుజన అధ్యాపకుడికి మిగిలేది వారానికి నిండా తరగతులు, డబ్బు కడితే అచ్చువేసే పత్రికలు. ఆ తర్వాత నాణ్యత లేదన్న నిందా అతనికే. 2025 ఫిబ్రవరిలో యూజీసీ తన కేర్ జాబితాను ఎత్తివేసి, పత్రికల మంచిచెడ్డల నిర్ణయాన్ని సంస్థలకే వదిలింది. ఆ సంస్థల కమిటీల్లో కూర్చునేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

2019లో కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ చట్టం వచ్చాక ఐఐఎంలు తమకు మినహాయింపు కోరాయి. ప్రతిభ పేరుతో మూసిన తలుపును చట్టం తెరిస్తే, ప్రచురణల లెక్క గడపగా మారకూడదు.

పరిశోధన వద్దని నేననడం లేదు. మా వినుకొండలో 1895లో పుట్టిన జాషువా విద్వత్తును కూడా లోకం పుట్టుకతోనే తూచింది. తూకం న్యాయంగా ఉండాలనే మా వాదన. ఎవరు ఏ పని చేశారో ప్రతి వ్యాసంలో రాతపూర్వకంగా ప్రకటించాలి. పేర్ల వరుసపై ఫిర్యాదును గైడ్‌కు సంబంధం లేని కమిటీ వినాలి. ఉద్యోగంలో చేరిన తొలి రెండేళ్ళు తరగతులు తగ్గించాలి. సంఖ్య చూడడం మాని, అభ్యర్థి ఎంచి ఇచ్చిన రెండు మూడు వ్యాసాలను నియామక కమిటీ చదవాలి.

చదివితే నూజెండ్ల కౌలురైతు అప్పు కూడా వ్యాపారశాస్త్రమేనని తెలుస్తుంది. లెక్కపెడితే తెలియదు.