హలాల్ అడిగినంత గట్టిగా లైఫ్ జాకెట్ కూడా అడుగుదాం

పిల్లల సెలవులు దగ్గరపడితే చాలు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు మొహల్లాల్లో ఖాందాన్ వాట్సాప్ గ్రూపులు మేల్కొంటాయి. ఒకరు పాపికొండల బోటు ఫొటో పెడతారు. ఇంకొకరు విశాఖ నుంచి కార్డీలియా ఓడ రేటు పెడతారు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు సింగపూర్ క్రూయిజ్ అంటాడు. వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి. మనిషికి ఎంత? తిండి హలాలేనా? రెండూ జరూరీ ప్రశ్నలే. నా షికాయత్ ఒక్కటే: అన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న ఎవరూ వేయరు. బోటు తిరగబడితే మన పిల్లల్ని తేల్చేది ఏది?

బద్‌షగూన్ మాటలని కసురుకోకండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ గుడి దగ్గర బయల్దేరిన రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉంటే బయటపడింది 26 మందే. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. బోటును ఒడ్డుకు లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. రెండు ప్రమాదాలూ ఆదివారం నాడే. పోయినవాళ్లు కూడా మనలాగే తఫ్రీకి, డబ్బాలు సర్దుకుని బయల్దేరినవాళ్లే.

"అల్లా ఉన్నాడు, ఏం కాదులే" అని బేఫికర్‌గా ఎక్కేవాళ్లకు ఒక మాట. తవక్కల్ అంటే ముందు ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లా మీద భారం వేయడమని మదరసాకు వెళ్లే పిల్లాడికీ తెలుసు. జాన్ కీ హిఫాజత్‌ను ఉలమా షరీఅత్ ఐదు మఖ్సద్‌లలో ఒకటిగా లెక్కపెట్టారు. అలాంటప్పుడు జబీహా గురించి నలుగురిని వాకబు చేసే మనం, లైఫ్ జాకెట్ గురించి ఒక్కరినీ అడగకపోతే అది సగం దీన్‌దారీ.

కాబట్టి పోల్చే వరుస మార్చుదాం. ముందు జాన్, తర్వాత దీన్, ఆ తర్వాత పైసా.

పాపికొండలకైతే ఫోన్ చేసి నాలుగు అడగండి. బోటుకు లైసెన్సు ఉందా? ఎంతమందికి అనుమతి, ఎంతమందిని ఎక్కిస్తున్నారు? పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా? వరద ఎక్కువై టూర్ ఆపితే డబ్బు వాపసు ఇస్తారా? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కిటుకు అక్కడే ఉంది. డబ్బు తిరిగి రాదంటే మనమే "వచ్చాం కదా, పోనివ్వండి" అని సరంగు మీద ఒత్తిడి తెస్తాం. కచ్చులూరు తర్వాత ప్రభుత్వం రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టింది. వాళ్లు వద్దంటే బహస్ చేయకుండా వెనక్కి రావాలి.

ఆపాలకు, ఖాలాలకు ఒక మాట. జాకెట్ బురఖా మీద వేసుకోవాలి, లోపల కాదు. పట్టీలు బిగించాలి. ఫొటో కోసం తీసి ఒళ్లో పెట్టుకుంటే అది దిండుకే పనికొస్తుంది.

కొల్లేరు సంగతీ అంతే. ఆటపాకలో పెలికాన్లు చూడటానికి పడవ ఎక్కేటప్పుడు "మోకాలి లోతే కదా" అంటాం. లోతు తక్కువైనా అడుగున బురద ఉంటుంది, పైన గుర్రపుడెక్క ఉంటుంది. ఈత వచ్చినవాడికైనా కాళ్లకు చుట్టుకుంటే కష్టమే.

ఇక సముద్రం ఓడలు. వాటిలో లైఫ్ బోట్లు, డ్రిల్లు పద్ధతిగా ఉంటాయి. డ్రిల్లుకు పిలిచినప్పుడు పిల్లల్తో సహా వెళ్లాలి, గదిలో పడుకోకూడదు. అక్కడ ఎక్కువ పోల్చవలసింది దీన్, పైసా. కార్డీలియాలో బార్, కాసినో ఉన్నాయి. మాంసం ఎక్కడిదో, ఎవరు కోశారో బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. సింగపూర్ వైపు తిరిగే జెంటింగ్ డ్రీమ్‌కు హలాల్ వంటకు సర్టిఫికేట్ ఉంది, కానీ కాసినో కూడా ఉంది. దాని జోడీ ఓడే పేరు మారి, సౌదీ వాళ్ల అరోయాగా 2024 డిసెంబరులో జెద్దా నుంచి మొదలైంది. దాంట్లో శరాబు లేదు, జూదం లేదు. ఒకే అచ్చులో తయారైన రెండు ఓడలు. తేడా అంతా నడిపేవాళ్లు పెట్టుకున్న నియమాల్లోనే.

పైసా దగ్గర ప్రకటనలో రేటును నమ్మకండి. గదిలో ఇద్దరుంటే మనిషికి పడే ధర అది. దాని మీద పోర్టు చార్జీలు, టాక్సు, టిప్పులు చేరతాయి. కిటికీ లేని గదికీ, బాల్కనీ గదికీ చాలా ఫరఖ్. అన్నీ కలిపిన మొత్తాన్ని కాగితం మీద రాసి రెండు ఓడల్ని పక్కపక్కన పెట్టండి. చేతిలో లేని డబ్బుతో, సూద్ కట్టే ఈఎంఐ మీద చేసే సైర్‌లో బర్కత్ ఎక్కడిది? ఆ ఏడాదికి ఆటపాక చాలు.

"ఇన్ని అడిగితే ఇక వెళ్లినట్టే" అంటారేమో. హలాల్ గురించి అడిగీ అడిగీ హోటళ్ల గోడల మీద బోర్డులు పెట్టించింది మనమే కదా! పది ఖాందాన్‌లు ఫోన్ చేసి "పిల్లల జాకెట్లు ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే, పదకొండో ఫోన్ వచ్చేలోపు ఆ బోటు యజమాని కొని పెడతాడు. మీ గ్రూపులో ఈసారి ఆ ప్రశ్న మీరే వేయండి.