లిపి లేకపోతేనేం, గొంతుంది

మన భాషల్ని బడి గుమ్మం దగ్గరే ఆపేయడానికి డెబ్బై ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నారు: "మీ భాషకు లిపి లేదు కదా!" ఎరుకల వాళ్లం ఈ మాట విన్నాం. సుగాలీలు విన్నారు. చెంచుల దగ్గరికి వచ్చేసరికి మాట కొంచెం మారుతుంది: "మీది సరైన తెలుగు కాదు." చివరికి చేసేది ఒక్కటే, పిల్లవాణ్ణి మొదటిరోజే మూగవాణ్ణి చేయడం.

ఆ సాకు ఇప్పుడు చెల్లదు. మాటను రికార్డు చేయడానికి లిపి అక్కర్లేదు. పాడ్‌కాస్ట్ అనగానే అదేదో పట్నం పిల్లల వ్యవహారమని బెదరనక్కర లేదు. ఒక విషయం మీద పది నిమిషాలు మాట్లాడి, ఫోన్‌లో రికార్డు చేసి, ఎవరికి తీరికున్నప్పుడు వాళ్లు వినేలా వారం వారం పంపడమే పాడ్‌కాస్ట్. చదువు గురించి, న్యాయం గురించి ఆ పని మనమే, మన భాషల్లోనే మొదలుపెట్టాలని నా వాదన.

చట్టం మన పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలకు రాష్ట్రాలు ప్రయత్నించాలంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా బోధన మాతృభాషలో ఉండాలంది, ఆచరణ సాధ్యమైనంత వరకు. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషే అంది, వీలైన చోటల్లా. ఈ "వీలైన" అన్న మాట దగ్గరే మన పిల్లల చదువు తెల్లారిపోతోంది. వీలుందో లేదో తేల్చేవాళ్లు ఎవరు? మన తండాకూ గూడేనికీ వచ్చి ఎప్పుడైనా అడిగారా?

ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన బడుల కోసం బహుభాషా విద్య తెచ్చినప్పుడు ఎనిమిది భాషలు తీసుకున్నారు: గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా. మంచిపనే. తెలుగు లిపిలోనే ఆ భాషల పుస్తకాలు తయారయ్యాయి. అంటే లిపి అడ్డంకి కాదని ప్రభుత్వమే రుజువు చేసింది. మరి ఎరుకల భాష ఆ జాబితాలో ఎందుకు లేదు? అడిగే గొంతు అక్కడ లేకపోవడం వల్ల.

ఇక రెండో సంగతి. విధానాలన్నీ కాగితం మీద పుడతాయి, కాగితం మీదే తిరుగుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల్లో అక్షరాస్యులు 49.2 శాతం. సగం మందికి పైగా చదవలేని సమాజానికి జీవో నంబర్లు ఎట్లా చేరతాయి? 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకుని కొత్త ఉత్తర్వులిచ్చారు. ఈ మధ్యలో ఎంతమంది తల్లులకు తమ పిల్లల బడి ఎందుకు మారిందో తెలుసు? విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది ఆ కమిటీయే. ఆ సంగతి వాళ్ల భాషలో వాళ్లకు చెప్పకుండా వేలిముద్ర వేయించుకుంటే అది కమిటీ అవుతుందా?

జీవో 3 సంగతే చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి ఆ ఉత్తర్వును 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏజెన్సీ గొంతెత్తింది. మనమూ సంఘీభావం చెప్పాం, చెప్పాల్సిందే. కానీ కర్నూలు, కడపలకు ఆ జీవో ఏనాడూ వర్తించలేదన్న సంగతి మన యువకుల్లో ఎందరికి తెలుసు? మన దగ్గర షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. కృష్ణకు అవతల అమ్రాబాద్ చెంచులు ఐదో షెడ్యూల్ కిందికి వస్తారు. ఇవతల బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు చెంచులు రారు. అదే నల్లమల, అదే తెగ, మధ్యలో ఒక్క ఏరు. పోయిన హక్కు కోసం ఏజెన్సీ పోరాడుతోంది. అసలు రాని హక్కు గురించి మనం ఇంకా మాట్లాడనే లేదు. మొదటి పాడ్‌కాస్ట్ దీని మీదే రావాలి.

"మీ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు కదా" అంటారు. ఉన్నారు. అదే మన బాధ. మన గురించి మొదట రాసింది పోలీసులు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952 దాకా బతికింది. ఆ చట్టం కింద నడిచిన సెటిల్‌మెంట్లలో కర్నూలు జిల్లా సిద్ధాపురం ఒకటి. పోలీసుల తర్వాత పరిశోధకులు వచ్చారు, వాళ్ల తర్వాత కెమెరాలు వచ్చాయి. చెంచు అంటే తేనె, విల్లు. సుగాలీ అంటే అద్దాల పావడా, ఆట. మన చదువు మీద మన అభిప్రాయం అడిగినవాళ్లు అరుదు. ఇప్పుడు పట్నం స్టూడియోలో ఇద్దరు కూర్చుని గంటసేపు "గిరిజన విద్య" గురించి మాట్లాడుకుంటే, అది మన వాణి అయిపోతుందా?

రేడియో ఉంది కదా అనవచ్చు. కడప ఆకాశవాణి అరవై ఏళ్లుగా సీమ రైతుకు తోడుగా ఉంది, కాదనను. కానీ అందులో ఏం రావాలో మనం నిర్ణయించలేం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిలోనే 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు సంఘం రేడియో నడిపి చూపించారు. అయితే సామాజిక రేడియోకు లైసెన్సు కావాలి, సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఇంకో దారి చూపింది. మామూలు ఫోన్‌తో ఒక నంబరుకు చేసి గోండిలో సమస్య చెబితే, సరిచూసి, ఫోన్‌లోనే అందరికీ వినిపించారు. గోండులు చేసిన పని మనం చేయలేమా?

అడ్డంకులు నాకూ తెలుసు. గూడెంలో సిగ్నల్ ఉండదు. నిజమే. సంతకు వచ్చిన రోజు ఒక్క ఫోన్‌లోకి దించుకుంటే చాలు, బ్లూటూత్‌తో ఊరంతా తిరుగుతుంది. సినిమా పాటలు మెమరీ కార్డుల్లో అడవి దాకా రాలేదా? టీచర్లకు ఉద్యోగ భయం ఉంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించనివ్వదు. కానీ జీవోను ఉన్నదున్నట్టు చదివి, మన భాషలో అర్థం చెప్పడం విమర్శ కాదు, పాఠం. పాఠం మనం చెబుదాం. ప్రశ్న యువకులు అడగాలి. జవాబు తల్లిదండ్రుల నోట రావాలి.

పద్ధతి ఇట్లా పెట్టుకుందాం. ఒక్కోసారి ఒకే విషయం. ముందు కుర్రులోనో గోర్‌బోలిలోనో చెంచుల తెలుగులోనో మాట, చివర రెండు నిమిషాలు అందరికీ అర్థమయ్యే తెలుగులో సారం. ఎవరి గొంతు వాడినా వాళ్ల అనుమతి తీసుకోవాలి. పిల్లల పేర్లు, ఊర్లు చెప్పకూడదు. విన్నమాట వేయకూడదు. కాగితం చూసి, తేదీ చూసి చెప్పాలి. ఒక్క అబద్ధం దొర్లినా వంద నిజాల్ని పక్కన పెడతారు.

విషయాలకు కరువా? ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వెళ్లే కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టల్ ఉంది. అది వలసకు ముందు తెరవాలా, బండెక్కాక తెరవాలా? ఆశ్రమ పాఠశాలలో చేరిన చెంచు పిల్లలు మధ్యలో ఇంటికొచ్చేస్తే తప్పు పిల్లలదా, బడిదా? కడప జిల్లా యానాది పిల్లవాడికి కులధ్రువీకరణ పత్రం లేక స్కాలర్‌షిప్ ఆగితే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకు ఒక తల్లి తన మాటల్లో చెప్పే జవాబు ఏ కమిటీ నివేదికకూ తీసిపోదు.

ఒక ఫోను, ఒక కాగితం, మాట్లాడే ఒక మనిషి ఉంటే పని మొదలవుతుంది. వచ్చే కమిటీ సమావేశానికి ముందే ఎజెండాను మన భాషలో రికార్డు చేసి ఇంటింటికీ పంపండి. ఆ రోజు వేలిముద్ర అడిగితే, "ముందు చదివి వినిపించు సారూ" అని ఒక్క అమ్మ అన్నా చాలు, మన పాడ్‌కాస్ట్ ఎవరికి చేరాలో వాళ్లకు చేరినట్టే.