స్థలం సరే, కాపురం ఎవరిది?

నెల్లూరు సీమలో నేడు నలుగురు కూడిన చోట వానల మాట, వడ్ల ధర మాట ముగిసీ ముగియకముందే సంభాషణ ప్లాట్ల మీదికి మళ్ళుతుంది. ముత్తుకూరు రోడ్డున, మైపాడు దారిలో పొలాల మధ్య హద్దురాళ్ళు పాతి, అంకణం ఇంతని చెప్పి అమ్ముతున్నారు. అధ్యాపకుల పదవీ విరమణ సొమ్ము, విదేశాల్లోని పూర్వ విద్యార్థులు పంపే డాలర్లు, కూతురి పెళ్ళికని తండ్రి దాచిన డబ్బు ఆ రాళ్ళ మధ్యకే పోతున్నాయి.

సొంత ఇల్లు కోరుకోవడం తప్పని నేననను. అయితే కట్టుకోవడానికి కొనడం వేరు, రేటు పెరుగుతుందని కొనడం వేరు. రెండో రకం కొనుగోలులో మనం అడగని ప్రశ్న ఒకటుంది. రేపు అక్కడ కాపురం ఉండేదెవరు?

"ఓడరేవు ఉంది కదండీ" అంటారు. నిజమే. కృష్ణపట్నం రేవు 2008లో ప్రారంభమైంది. దగ్గరలోనే నేలటూరులో విద్యుత్ కేంద్రం వచ్చింది. పనికోసం జనం వచ్చిన చోట ఇల్లు అడిగేవాళ్ళుంటారు. కానీ రేవులో క్రేన్లు తిరిగినంత మాత్రాన పది మైళ్ళ దూరంలోని ప్రతి పొలమూ పట్నమైపోదు. దుగరాజపట్నం సంగతి చూడండి. అక్కడ పెద్ద ఓడరేవు తొలిదశ 2018 చివరికి పూర్తి కావాలని 2014 నాటి రాష్ట్ర విభజన చట్టమే చెప్పింది. ఆ గడువులోగా రేవు రాలేదు. చట్టంలో రాసినదానికే దిక్కు లేకపోతే బ్రోచరులో వేసిన బొమ్మను ఏం నమ్ముతాం? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

ఈ జబ్బు మనకొక్కరికే పట్టిందనుకోకండి. 2007లో బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఆ ఆశతో ముందునుంచే బ్రిటన్, ఐర్లండ్ దేశాల మధ్యతరగతి జనం నల్లసముద్రం ఒడ్డున సన్నీ బీచ్ వంటి చోట్ల అపార్టుమెంట్లు కొన్నారు. చాలామంది కొన్నది ఉండడానికి కాదు, అమ్ముకోవడానికి. 2008 ఆర్థిక సంక్షోభంతో కొనేవాళ్ళు తగ్గారు, ధరలు కూలాయి. వేసవి నాలుగు నాళ్ళూ సందడి, చలికాలమంతా మూసిన తలుపులు. అందరూ అమ్మేవాళ్ళే అయితే కొనేవాడెవడు?

అంత దూరం ఎందుకు? 1990 దశకం మొదట్లో మన తీరానికే రొయ్యల జ్వరం పట్టింది. వరి పండిన నేల గుంటలైంది. 1994-95లో వైరస్ తెగులు వచ్చి గుంటలు ఖాళీ చేసింది. అప్పులు మాత్రం ఖాళీ కాలేదు. నేడు హద్దురాళ్ళ మధ్య బీడుపడ్డ పొలంలో కోతకూ నాటుకూ పోయే కూలీల మాట ఏ బ్రోచరులోనూ కనబడదు.

కొనక తప్పదనుకునేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 75 అంకణాలు దాటిన లేఅవుటును రిజిస్టరు చేయించకుండా అమ్మకూడదు. కొన్నవారి సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఈ.సి. తీయించండి. అది అసైన్డ్ భూమా, నిషేధిత జాబితాలో ఉందా చూడండి. సముద్రానికి దగ్గరైతే తీరప్రాంత నిబంధనలు ఇల్లు కట్టనిస్తాయో లేదో అడగండి. అన్నిటికీ మించి వానాకాలంలో ఒకసారి, నడివేసవిలో ఒకసారి ఆ చోటికి వెళ్ళి నిలబడండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, తాగేందుకు ఎక్కడ దొరకవో తెలిసిపోతుంది.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు ఆదివారాల్లో కమీషన్ కోసం ఈ ప్లాట్లు చూపిస్తున్నారు. చదువుకునే ఖర్చుకు సంపాదించుకోవడాన్ని ఎవరూ కాదనరు. కానీ తెలిసీ చెప్పకపోతే మునిగేది సాటి విద్యార్థి తండ్రే. నెలకొక ఆదివారం కామర్సు, లా తెలిసినవారు కూర్చుని, అడిగినవారి కాగితాలు చదివి చెప్పే ఏర్పాటు మన సంఘం చేయాలని నా కోరిక. ఖర్చు ఒక బల్ల, నాలుగు కుర్చీలు. దానివల్ల ఒక్క ఇంటి సొమ్ము నిలిచినా మన చదువు ఊరికి అక్కరకొచ్చినట్టే.