ముందు పైసలు, తర్వాత పాఠాలు

యువ డాక్యుమెంటరీ దర్శకులకు మెంటార్‌షిప్ ఇస్తామనే ప్రకటన కనబడితే నేను వెతికేది ఒకటే. పైసలెన్ని, ఎప్పుడిస్తారు, ఎవరి చేతికిస్తారు? చాలాసార్లు ఆ ముక్క ఉండదు. హైదరాబాద్‌లో మూడు రోజుల వర్క్‌షాప్, భోజనం ఉచితం, సర్టిఫికెట్ ఖాయం. బస్సు చార్జీలు మాత్రం మనవే.

నేను కోరుట్లలో పెండ్లి వీడియోలు తీసి బతుకుతున్నా. ముహూర్తాలు లేని రోజుల్లో అదే కెమెరాతో బీడీలు చుట్టే ఆడవాళ్లను తీస్తున్నా. వాళ్లలో చాలామంది భర్తలు గల్ఫ్‌లో ఉన్నారు. ఇట్లాంటి ఒక వర్క్‌షాప్‌లో నా కథను రెండు వాక్యాల్లో, ఇంగ్లిషులో చెప్పమన్నారు. చెప్పాను. "గల్ఫ్ బాధలు చాలామంది తీసేశారు కదా" అన్నారు ఒక పెద్దాయన. తర్వాత ట్రైలర్ అడిగారు. ట్రైలర్ కావాలంటే షూటింగ్ జరగాలి. షూటింగ్ జరగాలంటే పైసలు కావాలి. పైసలు కావాలంటే ట్రైలర్ చూపించాలి! ఈ గానుగ చుట్టూ తిరగడానికి శిక్షణ అని పేరు.

సిరిసిల్లలో సాంచెల దగ్గర ఇట్లాంటి ఏర్పాటు చాలా ఏండ్ల నుంచి నడుస్తోంది. నూలు సేటుది. సాంచెలు నడిపించేది ఆసామి. కార్మికుడికి నేసిన మీటర్ల లెక్కన కూలి. ఏ బట్ట నెయ్యాలో అతన్ని ఎవరూ అడగరు. మన దగ్గర డాక్యుమెంటరీ పని కూడా ఇంతే. శాఖకో, స్వచ్ఛంద సంస్థకో పథకం గొప్పతనం చూపించే పది నిమిషాల వీడియో కావాలి. నడుమ ఏజెన్సీ ఒకటి ఉంటుంది. కెమెరా పట్టే పిల్లగాడికి రోజు కూలి.

నేర్పడం అక్కర్లేదని నేననను. ఒగ్గుకథ మిద్దె రాములుది మా పక్క హన్మాజీపేటే. ఏ కళైనా బృందంలో తిరిగితేనే వస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. తిరిగినన్నాళ్లు కడుపు నిండాలి గదా, నేను అడిగేది అదే.

నిజంగా నేర్పిన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. 1990ల చివర్లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతుల చేతికి వీడియో కెమెరా ఇచ్చింది. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. సొసైటీని నడిపిన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. అయినా కెమెరా భాషను టీవీవాళ్ల మాటల్లోనే నేర్చుకోవాలని పట్టుబట్టలేదు. కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసే షాట్‌కు ఆ మహిళలు సంఘం షాట్ అని పేరు పెట్టుకున్నారు. పటేల్ షాట్ అనే మాట కూడా వాళ్లదే. అదెట్లా ఉంటుందో మన వైపు వాళ్లకు విడమరిచి చెప్పే పనిలేదు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారని అడుగుతూ 2003లో వాళ్లు తీసిన సినిమా దేశం దాటిపోయింది. ఆ మహిళలను ఎవరూ ఇంగ్లిషులో రెండు వాక్యాలు అడగలేదు. కెమెరా వాళ్ల దగ్గరే ఉంది, నేర్పేవాళ్లు వాళ్ల ఊళ్లోనే ఉన్నారు, ఏండ్లకేండ్లు ఉన్నారు.

దీనికి ఎదురుగా 2016 నాటి 'మషీన్స్' గుర్తొస్తుంది. గుజరాత్‌లో ఒక పెద్ద బట్టల మిల్లు లోపల తీసిన గొప్ప డాక్యుమెంటరీ. దర్శకుడు రాహుల్ జైన్ కాలిఫోర్నియాలో సినిమా చదువుకున్నవాడు. అందులో ఒకచోట కార్మికులు అతన్నే నిలదీస్తారు: అందరిలాగే నువ్వు కూడా వచ్చి, చూసి, పోతావా? ఆ ప్రశ్నను తీసెయ్యకుండా సినిమాలో ఉంచాడు, మెచ్చుకోవాలి. సిరిసిల్లలో సాంచెల చప్పుడు మధ్య పుట్టి, చిన్నప్పుడు కండెలు చుట్టిన పిల్లగాడు అదే సినిమా తీస్తే? వాడు పోయేదెక్కడికి? ఆ సినిమా ఎట్లుంటుందో చూడాలని నాకుంది.

శిక్షణ ముందు, డబ్బు తర్వాత అనే మాట ఎవరికి చెబుతారో కూడా గమనించాలి. కేరళ ప్రభుత్వ సంస్థ మహిళలకు, ఎస్సీ, ఎస్టీ దర్శకులకు ఫీచర్ సినిమాల కోసం కోటిన్నర వరకు ఇస్తోంది. 2025 ఆగస్టులో అక్కడి సినిమా విధాన సదస్సులో అదూర్ గోపాలకృష్ణన్ అది ఎక్కువని, వాళ్లకు ముందు శిక్షణ కావాలని అన్నారు. సభలోనే నిరసన లేచింది. మొదటి సినిమాతోనే కోట్లు అందుకునే వారసులను శిక్షణ సర్టిఫికెట్ చూపించమని ఎవరైనా అడిగారా? అయినా కేరళలో గొడవపడటానికి ఒక నిధి ఉంది. 2008 నుంచి డాక్యుమెంటరీలకు, లఘుచిత్రాలకు ప్రత్యేకంగా అంతర్జాతీయ ఉత్సవమూ ఉంది. మనకు గొడవపడటానికైనా ఏముంది?

"యూట్యూబ్ ఉంది కదా" అంటారు. ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వాళ్లు లోకమంతా చూసేట్టు చేశారు, గంగవ్వను ఇంటింటికీ తెలిపారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ యూట్యూబ్ పైసలిచ్చేది చూపులకు. వారం వారం నవ్వించేదానికి చూపులు వస్తాయి. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చిన మనిషి ఇంట్లో మూడేండ్లు కూర్చుని తీసేదానికి అడ్వర్టయిజ్‌మెంట్ ఎవడిస్తాడు?

నా తొందరకు కారణం ఉంది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన యువకులకు ఇప్పుడు డెబ్బై అటూఇటూ. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పుడు ఇండ్లల్లో ఏం జరిగిందో చెప్పగలిగిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అందులో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. వచ్చే బ్యాచ్ దరఖాస్తుల గడువు దాకా వాళ్లెవరూ ఆగరు.

కాబట్టి అడుగుతున్నా. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలకు ఏడాదికి ముగ్గురేసి, మనిషికి మూడు లక్షలు. రెండు జిల్లాలకూ కలిపితే పద్దెనిమిది లక్షలు. నేను వీడియో తీసిన కొన్ని పెండ్లిళ్ల ఖర్చు అంతకంటే ఎక్కువే. దరఖాస్తు తెలుగులో ఉండాలి, రాయలేనివాళ్లు మాట్లాడి రికార్డు చేసి పంపే వీలుండాలి. సగం పైసలు మొదటిరోజే ఇవ్వాలి. తీసిన సినిమా తీసినవాళ్లదే కావాలి. ప్రభుత్వం ఇస్తే మంత్రి మొహం ఉండాలనే షరతు పెట్టొద్దు.

మెంటార్లు కావాలి, తప్పక కావాలి. నెలకు రెండు రోజులు, ఏడాదిపాటు ఇక్కడికే రావాలి. జూబ్లీ బస్‌స్టేషన్‌లో కోరుట్ల బస్సు దొరుకుతుంది. ఈసారి చార్జీలు మేమే పెట్టుకుంటాం.