స్థలాల దళారులకూ పరీక్ష కావాలి

ధాన్యం, మినుములు కమీషనుపై అమ్మిపెట్టే వర్తకునికి మార్కెట్ కమిటీ లైసెన్సు వుండాలని 1966 నాటి మార్కెట్ల చట్టం చెప్పింది. పామిడిముక్కల, ఉయ్యూరు వైపు ప్లాట్ల బేరాలు కుదిర్చే మధ్యవర్తులకూ ఇప్పుడు అటువంటి కట్టుబాటే వున్నది. 2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం రెరాలో నమోదైన లేఅవుట్లో ప్లాటు అమ్మించాలంటే ఏజెంటు కూడా నమోదు కావాలి. లేకుంటే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ప్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా.

అయితే ఆ చట్టంలో పరీక్ష లేదు. ఏజెంటుకు దస్తావేజు చదవడం వచ్చునో రాదో ఎవరూ అడగరు. మహారాష్ట్ర 2023లో శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. మన రాష్ట్రమూ ఆ దారి పట్టడం మంచిది.

పరీక్ష తెలుగులో, మన రికార్డుల మీద జరగాలి. అడంగల్‌కూ 1-బికీ తేడా ఏమిటి? ఈసీలో ఏమీ కనిపించనంత మాత్రాన హక్కు రుజువైనట్లేనా? సర్వే నెంబరు 22-ఏ నిషేధిత జాబితాలో వున్నదా? అసైన్డు భూమిపై 1977 చట్టం ఆంక్షలేమిటి?

తలపండిన మధ్యవర్తులకు పరీక్ష ఏమిటని ఆక్షేపణ రావచ్చు. నిజంగా అనుభవం వున్నవారికి ఇవి నోటి లెక్కలే. పరీక్ష వచ్చేదాకా ఆగక, బయానా ఇప్పించే ముందే ఈ ప్రశ్నలు వేసుకోవడం వ్యాపారానికే మేలు. తేమ అంచనా తప్పితే బస్తాకు కొంత తరుగు. సర్వే నెంబరు తప్పితే కొన్నవాని జీవితకాలపు కష్టార్జితమే పోతుంది.