బ్యాంకు లోనిచ్చిందని ఇల్లు మంచిదైపోదు

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు కొనబోయేవాళ్లకు చుట్టాలూ, బ్రోకర్లూ, ఆఫీసు మిత్రులూ ఒకే పాట వినిపిస్తారు: "రెరా నంబరుంది, పెద్ద బ్యాంకు లోనిస్తోంది, రిజిస్ట్రేషనూ అయిపోతుంది. కొత్త ఇల్లు, ఇక చూడాల్సిందేముంది?" పాత ఇల్లయితే లింకు డాక్యుమెంట్లు తిరగేస్తారు, గోడలు తట్టి చూస్తారు. కొత్తది అనేసరికి ఆ జాగ్రత్తంతా గృహప్రవేశం ముహూర్తం మీదికి మళ్లుతుంది. ఈ ధీమా శుద్ధ తప్పు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ కొనేవాడి పక్షాన నిలబడి ఇల్లు పరీక్షించదు.

ముందు బ్యాంకు సంగతి. బ్యాంకు లాయరు టైటిల్ చూస్తాడు, ఇంజనీరు వచ్చి విలువ కడతాడు, నిజమే. కానీ ఆ లీగల్ ఒపీనియన్ రాసింది బ్యాంకు డబ్బు భద్రత కోసం. రేపు ఇంటికి చిక్కొస్తే ఈఎంఐ ఆగదు. తీర్చే పూచీ మీ జీతానిది. బ్యాంకులు అంత నిక్కచ్చిగా చూసేవే అయితే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వాటికి వేరే చెప్పాల్సిన అవసరం వచ్చేది కాదు. మీరట్‌లో ఒక అక్రమ కట్టడం కేసులో తీర్పిస్తూ, కట్టిన భవనం మీద అప్పు మంజూరు చేసే ముందు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ సరిచూసుకోవాలని బ్యాంకులను కోర్టు ఆదేశించింది.

ఆ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌నే మనం ఓసీ అంటాం. మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ తేల్చి ఇచ్చే కాగితం అది. బిల్డరు ప్లాను దాటకుండా ఉండేందుకు, 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 అతని చేత కట్టుబడి విస్తీర్ణంలో పదో వంతు మున్సిపాలిటీకి తనఖా పెట్టిస్తుంది. ఓసీ వచ్చాకే దానికి విడుదల. తనఖాలో ఉన్న ఫ్లాట్లు ఏవి, మీకు చూపిస్తున్నది వాటిలో ఒకటా అని ఎప్పుడైనా అడిగారా? ఓసీ లేని భవనానికి నీళ్లకూ కరెంటుకూ మూడు రెట్ల టారిఫ్ వేసే వీలు కూడా ఆ జీవోలోనే ఉంది. ఆ బిల్లు కట్టేది బిల్డరు కాదు, లోపల కాపురమున్నవాళ్లు. సింహద్వారం తూర్పు నుంచి రెండు డిగ్రీలు తప్పిందేమోనని దిక్సూచి పట్టుకుని కొలిచే పెద్దమనిషే, ఓసీ మాటెత్తితే "అదంతా వాళ్లు చూసుకుంటార్లే" అంటాడు!

రెరాను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2016 నాటి ఆ స్థిరాస్తి నియంత్రణ చట్టం కొనేవాడి చేతికి గట్టి ఆయుధాలే ఇచ్చింది. కాకపోతే నంబరు వచ్చేది బిల్డరు దాఖలు చేసిన కాగితాలు, అఫిడవిట్ల మీద. గోడలో సిమెంటు పాలెంతో ఎవరూ వచ్చి చూడరు. ఆ కాగితాలను వెబ్‌సైట్‌లో పెట్టించింది మనం చదువుతామని. మనమేమో బ్రోషర్ మీద నంబరు చూసి తృప్తిపడుతున్నాం. పైగా ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికి ఆ నంబరే అక్కర్లేదు. కాలనీల్లో పాత ఇల్లు పడగొట్టి లేపే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. నంబరు రాకముందే "ప్రీలాంచ్" అంటూ డబ్బు అడిగేవాడి గురించి చర్చే అనవసరం. రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టులో అది నేరుగా చట్టవిరుద్ధం.

ఇదే చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో కూడా తేల్చింది. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ పోను ఇంట్లో వాడుకునే నేల. లోపలి అడ్డగోడలు అందులో కలుస్తాయి. మన దగ్గర బేరం నడిచేది మాత్రం సూపర్ బిల్టప్ మీద, అంటే లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్‌హౌస్‌లో వాటా కూడా కలిపి. లెక్క వేసి చూడండి. ఒకచోట 1,600 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 7,000 రూపాయలు అనుకుందాం. మొత్తం కోటీ 12 లక్షలు. కార్పెట్ 1,050 అడుగులే అయితే నిజమైన ధర అడుగుకు దాదాపు 10,700. పక్క ప్రాజెక్టులో అదే 1,600 అడుగులు 7,400 చొప్పున, కార్పెట్ 1,200. అక్కడ నిజమైన ధర 9,900 లోపే. బ్రోషర్‌లో ప్రియంగా కనిపించేదే చవక! అందుకే సూపర్ బిల్టప్ రేటు మీద బేరమాడి వంద తగ్గించామని మురిసిపోవడంలో అర్థం లేదు. సేల్ డీడ్‌లో కార్పెట్ ఎంతో, స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో రాయించుకోండి. కట్టడం పాతబడుతుంది, మిగిలేది ఆ గజాలే.

రిజిస్ట్రేషన్ గురించి రెండు మాటలు చాలు. అమ్మేవాడికి నిజంగా హక్కుందో లేదో విచారించడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. కొత్తదనం కూడా రక్షణ కాదు: 2024 సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువు దగ్గర, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చినవీ కొత్త విల్లాలే. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు పటంలో చూసుకోవడానికి ఒక పూట చాలు.

"ఇన్ని చూస్తూ కూర్చుంటే రేటు పెరిగిపోతుంది" అంటారు. పెరగొచ్చు, కాదనను. కానీ కట్టుబడిలో ఉన్న ఇంటికి మామూలుగా 5 శాతం జీఎస్టీ కట్టాలి. ఓసీ వచ్చాక కొంటే అది లేదు. కోటి రూపాయల ఇంటికి 5 లక్షలు. తొందరకు పెట్టే ఖర్చును కూడా లెక్కలో వేయాలి కదా! ఇక రెరా ఇచ్చిన ఆయుధాలు: రెరా ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా బిల్డరు 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇల్లు అప్పగించాక ఐదేళ్ల లోపు పగుళ్లొచ్చినా, నాసిరకం పని బయటపడినా, చెప్పిన 30 రోజుల్లో పైసా పుచ్చుకోకుండా బాగుచేయాలి. "వారంటీ ఏడాదే" అనే సేల్స్ కుర్రాడి మాట చట్టం ముందు చెల్లదు. ఫిర్యాదు మాత్రం నోటితో కాదు, రాతలో పెట్టండి.

ఇల్లు కొనొద్దని ఎవరూ అనడం లేదు. ఓసీ కాపీ, తనఖాలో ఉన్న ఫ్లాటైతే విడుదల పత్రం చేతిలో పడేదాకా ఆఖరి చెక్కు మీద సంతకం పెట్టకండి.