సంపాదకుని మాట: లెక్క పెరిగితే పనితనం తగ్గుతుందా?

ఖరీదైన గడియారాలు ఎక్కువగా చేస్తే నాణ్యత పలచబడుతుందని చాలామంది నమ్ముతారు. అందులో సగమే నిజం.

రోలెక్స్ ఏటా సుమారు 10 లక్షల చేతి గడియారాలు చేస్తుందని అంచనా. అయినా 2015 నుంచి ఆ సంస్థ పెట్టుకున్న హద్దు, రోజుకు 2 సెకన్లకు మించి ముందుకో వెనక్కో పోకూడదని. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (కచ్చితత్వం రుజువైన గడియారం) ధ్రువీకరణ కోసం 15 రోజులు పరీక్షించి ఒప్పుకొనే రోజువారీ సగటు తేడా మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల దాకా ఉంటుంది. అంటే లెక్క పెరిగినా కచ్చితత్వం చెడలేదు. మంచి యంత్రాలు దాన్ని నిలబెట్టాయి.

దెబ్బ తగిలేది మరోచోట. లోపలి పలకల అంచులను ఏటవాలుగా అరగదీసి మెరుగు పెడతారు. రెండు అంచులు లోపలికి కలిసే మూలలో, గిర్రున తిరిగే పనిముట్టు గుండ్రటి జాడ వదిలేస్తుంది. అక్కడ పదునైన గీత రావాలంటే సన్నటి ఆకురాయి, ఎండిన జెన్షియన్ మొక్క కాడ, ఓపికున్న చెయ్యి కావాలి. అలా పనిచేసే గడియారాల తయారీదారు ఫిలిప్ డుఫోర్ తన ‘సింప్లిసిటీ’ గడియారాలను దాదాపు 200 దగ్గరే ఆపేశారు.

యంత్రాన్ని కొనుక్కోవచ్చు. అలాంటి చేతిని మాత్రం ఏళ్ల తరబడి తీర్చిదిద్దాలి. ఉత్పత్తి పెంచే ప్రతి సంస్థా పని నేర్చే కుర్రవాళ్లనూ అదే లెక్కన పెంచాలి. ఈ సంచికలోని వ్యాసాలను ఆ కోరికతోనే మీ ముందుంచుతున్నాం.

— సంపాదకుడు